కయ్యమూ వియ్యమూ ఒకే పుస్తకంలో: ‘ది హేటింగ్ గేమ్’ చదివిన ఆనందం

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకి తెలుసు, ‘ది హేటింగ్ గేమ్’ నవల గురించి మేం మాట్లాడుకున్నది సగం, పోట్లాడుకున్నది సగం. నా కో-హోస్ట్ థ్రిల్లర్ల మనిషి. కనీసం ఒక్క హత్యైనా జరగని పుస్తకం ఆయన చేత చివరిదాకా చదివించడమే నా వరకు ఒక విజయం. మొత్తం సంభాషణ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంది కాబట్టి మళ్ళీ ఇక్కడ చెప్పను. ఒక్క ముక్క మాత్రం ఎత్తి రాస్తున్నాను, ఎందుకంటే ఈ పోస్టు అక్కడి నుంచే పుట్టింది.

ఆయన: చివరికి ఇద్దరూ కలుస్తారని కవర్ పేజీ చూస్తేనే తెలిసిపోతోంది కదండీ. ఇంక అన్ని వందల పేజీలెందుకు?

నేను: పెళ్ళికి వెళ్ళేటప్పుడు తాళి కడతారని తెలిసే వెళ్తాం కదా?

ఆయన: భోజనాల కోసం వెళ్తాం.

నేను: ఇదీ అంతే.

అక్కడ నవ్వేసి ముందుకెళ్ళిపోయాం. కానీ ఆ ముందు వారం, ఈ పుస్తకం చదవబోతున్నామని చెప్పినప్పుడు, ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పంపారు. వాళ్ళింట్లో పదహారేళ్ళ అమ్మాయి వరసబెట్టి ఇలాంటి నవలలే చదువుతోందట. స్కూల్లో పిల్లలంతా వీటి గురించే మాట్లాడుకుంటారట. “తిట్టుకోవడమే ప్రేమనుకుంటుందేమో, ఏడిపించేవాడే చివరికి మంచివాడవుతాడని నమ్ముతుందేమో అని భయంగా ఉందండీ” అన్నారు. నేను ఎపిసోడ్‌లో ఆవిడకి “ఏం కాదులెండి, కథే కదా” అని తేలిగ్గా చెప్పేశాను. ఇంటికొచ్చాక నా జవాబు నాకే నచ్చలేదు. ఆవిడ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. మనం చూసి పెరిగిన సినిమాల నుంచి వచ్చింది. అందుకే కొంచెం నిదానంగా రాద్దామని కూర్చున్నాను. కథంతా చెప్పేస్తున్నాను, చదవాలనుకునేవాళ్ళు ముందు పుస్తకం చదివి రండి.

రాసినావిడ శాలీ థోర్న్, ఆస్ట్రేలియా రచయిత్రి. 2016లో వచ్చింది, ఆవిడ మొదటి నవల. 2021లో సినిమా కూడా తీశారు, లూసీ హేల్, ఆస్టిన్ స్టోవెల్ నటించారు. కథ చిన్నదే. రెండు ప్రచురణ సంస్థలు గత్యంతరం లేక విలీనమవుతాయి. ఒకటి పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనుషులది, ఇంకోటి లెక్కలు చూసుకునే మనుషులది. ఇద్దరు సీఈఓలు, ఒక్కొక్కరికి ఒక్కో అసిస్టెంట్. లూసీ హటన్ ఇటు, జాషువా టెంపుల్‌మన్ అటు. ఇద్దరికీ ఒకే గది, ఎదురెదురు బల్లలు. గదంతా అద్దంలా మెరిసే గోడలూ ఫ్లోరూ, ఎటు తిరిగినా ఎదుటి మనిషే కనిపిస్తాడు. లూసీ పొట్టి, నవ్వుమొహం, అందరికీ సాయం చేసి అందరి చేతా వాడబడే రకం. తల్లిదండ్రులకి స్ట్రాబెరీ తోట ఉంది. జాషువా పొడుగు, నవ్వడు, ఆఫీసులో అందరూ అతనంటే భయపడతారు. ఉప్పూ నిప్పూ.

ఇద్దరికీ పనికన్నా ముఖ్యం ఒకరినొకరు ఓడించడం. కళ్ళార్పకుండా చూసే పందెం ఒకటి. ఒకరు చేసింది ఇంకొకరు అద్దంలో బొమ్మలా చేసే ఆట ఒకటి. హెచ్ఆర్‌కి ఫిర్యాదు చేస్తానని బెదిరించుకునే ఆట ఇంకొకటి. ఇలా ఉండగా కొత్తగా సీఓఓ పోస్టు వస్తుంది, పోటీ వీళ్ళిద్దరి మధ్యే. ఓడినవాళ్ళు రాజీనామా చెయ్యాలని పంతం పడతారు.

(ఇక్కడ ఒక మాట. లూసీ హెచ్-1బీ మీద ఉండి ఉంటే ఇలాంటి పందెం కలలో కూడా కాసేది కాదు. ఉద్యోగం పోతే మనకున్న గడువు 60 రోజులు. శత్రువు మీద ప్రేమ పుట్టడానికి అది చాలదు, పెట్టెలు సర్దుకోవడానికే చాలదు.)

నేనీ పుస్తకం మెట్రోపార్క్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి వెళ్ళే రైల్లో చదివాను. లైబ్రరీ యాప్‌లో నా వంతు కోసం వారాల తరబడి ఎదురుచూసి మరీ. ఆదివారం ఫోన్లో అమ్మకి కథ చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ తెనాలిలో ఉంటుంది, ఇంగ్లీషు నవలలు చదవదు. కానీ ఒకప్పుడు పత్రికల్లో సీరియల్స్ కోసం పోస్టుమాన్ దారి చూసిన మనిషి. వారానికి కొంత చొప్పున చెప్పడం అలవాటైపోయింది. మొదటి వారం నేను జాషువా చొక్కాల సంగతి చెప్పాను. అతను రోజుకో రంగు చొక్కా ఒకే వరసలో వేసుకొస్తాడు, తెలుపుతో మొదలై నలుపుతో ముగుస్తుంది, మళ్ళీ తెలుపు. ఆ వరస మొత్తం లూసీకి కంఠతా వచ్చు. రేపు ఏ రంగో కూడా చెప్పగలదు. ఇది వినగానే అమ్మ అడ్డుకుంది.

“ఆ పిల్లకి వాడు ముందే నచ్చాడే. లేకపోతే చొక్కాల రంగులు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నిన్న మీ నాన్న ఏ చొక్కా వేసుకున్నారో నాకు గుర్తులేదు.”

మొత్తం ఈ రకం నవలల కిటుకు అమ్మ ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది. ప్రేమకి వ్యతిరేకం ద్వేషం కాదు, పట్టించుకోకపోవడం. నిజంగా గిట్టని మనిషిని మనం తప్పించుకు తిరుగుతాం, అతని చొక్కా మనకి కనిపించదు. లూసీ మాత్రం పొద్దున్న లేచింది మొదలు అతని గురించే ఆలోచిస్తుంది. కంప్యూటర్ పాస్‌వర్డ్ కూడా అతని మీద కోపంతోనే పెట్టుకుంటుంది. ఆమె దాన్ని ద్వేషం అనుకుంటోంది. మనకి మాత్రం అనుమానం వస్తుంది.

ఈ అనుమానమే అసలు భోజనం. కథ మొత్తం లూసీ గొంతులో, ‘నేను’ అంటూ సాగుతుంది. అంటే ఆమెకి ఎంత తెలుసో అంతే మనకీ చెబుతుంది. కానీ ఆమె చెప్పే వివరాలు ఆమె తీసే అర్థాల కన్నా ఎక్కువ చెబుతుంటాయి. జాషువా తన ప్లానర్‌లో రోజూ పెన్సిల్‌తో ఏవో గుర్తులు పెట్టుకుంటాడు. అది తన మీద హెచ్ఆర్‌కి ఇవ్వడానికి రాసుకుంటున్న చిట్టా అని లూసీ నమ్మకం. అది ఫిర్యాదుల చిట్టా కాదని మనకి ఎక్కడో తడుతూనే ఉంటుంది. థ్రిల్లర్‌లో హంతకుడెవరో హీరోకి తెలీక ముందు మనకి తెలిస్తే ఎలా కుర్చీ అంచున కూర్చుంటామో, ఇక్కడా అంతే. నా కో-హోస్ట్‌కి ఈ పోలిక చెప్పాక కాస్త మెత్తబడ్డారు. “అంటే ఆధారాలన్నీ ముందే పెట్టేసి, డిటెక్టివ్‌కి మాత్రం కనపడకుండా చేశారంటారు” అన్నారు. సరిగ్గా అదే. పైగా డిటెక్టివ్ తన కేసు తనే దాచుకుంటోంది.

అందుకే ఇది రెండోసారి చదివితే వేరే పుస్తకం అవుతుంది. మొదటిసారి జాషువా మొహం చిట్లించిన ప్రతిచోటా రెండోసారి మనకి ఇంకేదో కనిపిస్తుంది. అతనికి ఆమె మొదటి రోజే నచ్చింది. తన పడగ్గది గోడలకి వేయించిన నీలం రంగు ఆమె కళ్ళ రంగు. ఇది తెలిశాక వెనక్కి వెళ్ళి మొదటి అధ్యాయం తిరగేయని పాఠకులు ఉంటారని నేననుకోను.

ఇంక ఆ శ్రోత అడిగిన దానికి వస్తాను. ఏడిపించడమే ప్రేమా?

మనకొక సామెత ఉంది, కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని. పెద్దవాళ్ళు దీన్ని సంబంధాలు చూసేటప్పుడు ఆస్తిపాస్తుల లెక్కలో వాడతారు. నాకు మాత్రం ఈ రకం నవలకి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకలేదు. ఇందులో కయ్యమూ వియ్యమూ రెండూ ఉన్నాయి, కాబట్టి సమ ఉజ్జీ రెండు రెట్లు కావాలి. శాలీ థోర్న్ ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. ఇద్దరిదీ ఒకే హోదా. ఇద్దరికీ ఒకే గది. ఇద్దరి వెనకా ఒక్కో సీఈఓ ఉన్నారు. అతను ఒక మాటంటే ఆమె రెండంటుంది. ఆటలన్నీ ఇద్దరూ కలిసి కనిపెట్టినవి, ఏది ఆపాలన్నా ఇద్దరిలో ఎవరైనా ఆపొచ్చు. అతను బాస్, ఆమె కింద పనిచేసే మనిషి అయితే ఇవే సంభాషణలు చదవడానికి కడుపులో తిప్పేవి. చివర్లో కూడా ఆ ప్రమోషన్ చిక్కుముడి ఎలా విప్పారంటే, జాషువా ఆ పోటీలోంచి తప్పుకుని ఇంకో సంస్థలో ఉద్యోగం చూసుకుంటాడు. ఒకళ్ళు ఇంకొకళ్ళకి బాస్ అయ్యే పరిస్థితే లేకుండా చేశారు. రొమాన్స్‌లో ఇదో చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది గానీ, అది లేకపోతే ముగింపు నిలబడదు.

దీనికి ఎదురు ఉదాహరణ కావాలంటే ‘యూ హావ్ గాట్ మెయిల్’ సినిమా గుర్తు తెచ్చుకోండి, 1998లో వచ్చింది. టామ్ హాంక్స్ పెద్ద పుస్తకాల షాపుల కుటుంబం వాడు, మెగ్ ర్యాన్‌ది అమ్మ నుంచి వచ్చిన చిన్న పిల్లల పుస్తకాల కొట్టు. అతని షాపు దెబ్బకి ఆమె కొట్టు మూతపడుతుంది. తర్వాత ఇద్దరూ కలుస్తారు. నాకా సినిమా ఇష్టమే, చలికాలం వస్తే ఒకసారి చూస్తాను. కానీ చూసిన ప్రతిసారీ ఆ ఖాళీ కొట్టు దగ్గర గొంతులో ఏదో అడ్డం పడుతుంది. కయ్యంలో ఆమె పోగొట్టుకుంది, అతనికి ఏమీ పోలేదు. సమ ఉజ్జీ కాదు.

ఈ తేడా నిన్న మొన్నటిది కాదు. షేక్‌స్పియర్ దగ్గరే రెండు దారులూ ఉన్నాయి. 1590ల మొదట్లో రాసిన ‘ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ’లో పెంకి పిల్లని మొగుడు తిండీ నిద్రా లేకుండా చేసి దారికి తెస్తాడు. ఆ దశాబ్దం చివర్లో ఆయనే రాసిన ‘మచ్ అడో అబౌట్ నథింగ్’లో బియాట్రిస్, బెనెడిక్ ఇద్దరూ మాటల్లో ఒకరికొకరు తీసిపోరు. ఆమెని ఎవరూ అణచరు. ఇద్దరి పంతాలూ ఒకేసారి కరుగుతాయి. మొదటి నాటకంలో ఒకరు ఓడి ప్రేమ గెలుస్తుంది, అంటే అది ప్రేమ అని మనం ఒప్పుకుంటే. రెండోదాంట్లో ఇద్దరూ ఓడతారు.

మన విజయా వాళ్ళూ రెండు దారులూ తొక్కారు. ‘గుండమ్మ కథ’ (1962)లో సరోజ ట్రాక్ చూడండి. గారాబంగా పెరిగిన అమ్మాయి, మొగుడు పేదవాడినని నటించి, ఆమె చేత కష్టం చేయించి దారికి తెస్తాడు. జమున, నాగేశ్వరరావు కాబట్టి ముచ్చటగా ఉంటుంది, నేనూ లెక్కలేనన్ని సార్లు చూశాను. కానీ కథ లెక్కలో అది పొగరణచడమే. అదే సంస్థ ఏడేళ్ళ ముందు తీసిన ‘మిస్సమ్మ’ చూడండి. రావు నిరుద్యోగి, మేరీ నిరుద్యోగి. భార్యాభర్తలైతేనే ఉద్యోగం ఇస్తామన్నారు కాబట్టి ఇద్దరూ అబద్ధం ఆడారు. నిజం బయటపడితే ఇద్దరి ఉద్యోగమూ పోతుంది. అతను నవ్విస్తాడు, ఆమె చిర్రుబుర్రులాడుతుంది, ఆ చిరాకుకి కారణం కూడా ఉంది, ఇంటి దగ్గర అప్పులవాడు పీక మీద కూర్చున్నాడు. చివరిదాకా ఆమె చిరాకు ఆమెదే, దాన్ని ఎవరూ చెంపదెబ్బతో సరిచేయరు. ఇప్పటి అమెరికన్ పిల్లలు ‘ఫేక్ డేటింగ్’ అని పేరు పెట్టుకుని మురిసిపోయే కథ మనం 1955లోనే చూశాం.

తర్వాత దశాబ్దాల్లో మన సినిమా ఎక్కువగా సరోజ దారే పట్టింది, సావిత్రి దారి కాదు. అది కూడా గుండమ్మ కథలోని హాస్యం వదిలేసి. డబ్బున్న హీరోయిన్, పొగరు, హీరో సవాలు, నలుగురిలో అవమానం, ఆ అవమానం లోంచి ప్రేమ. నేను ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు ఒక సీనియర్ రెండేళ్ళు బస్‌స్టాప్‌లో నా కోసం నిలబడ్డాడు. నా రికార్డు బుక్ లాక్కునేవాడు, తిరిగి ఇచ్చేటప్పుడు ఫ్రెండ్స్ అందరి ముందూ బతిమాలించుకునేవాడు. మా హాస్టల్ అమ్మాయిలు “కొట్టుకునేవాళ్ళే కలుస్తారే” అని నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు. నేను ఏమన్నా అంటే గొడవ, అనకపోతే ఇష్టం ఉన్నట్టు. చివరికి 8:10 బస్సు మానేసి 7:10 బస్సుకి వెళ్ళడం మొదలుపెట్టాను. రెండో సంవత్సరం మొత్తం కాలేజీ గేటు తెరవక ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చునేదాన్ని.

ఇది చెప్పడానికి కారణం ఉంది. ‘ది హేటింగ్ గేమ్’ చదువుతూ నాకు అంత హాయిగా ఎందుకుందో మొదట అర్థం కాలేదు. ఇలాంటి కథలంటే నాకు పడకూడదు కదా, నా అనుభవం చూస్తే! కొన్ని రోజులు ఆలోచించాక తట్టింది. ఆ బస్‌స్టాప్‌లో అసలు కయ్యమే లేదు. కయ్యానికి ఇద్దరు కావాలి. అక్కడ ఆట ఒకడిది, బస్సు మార్చుకోవాల్సింది ఇంకొకరు. లూసీ బస్సు మార్చుకోదు. రోజూ ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుని యుద్ధానికి వెళ్తున్నట్టు ఆఫీసుకి వెళ్తుంది. ఎదురుగా కూర్చుంటుంది. ముందు కనురెప్ప ఆర్పింది అతనైతే ఆ రోజంతా పండగ. అలా ఎదురు కూర్చునే అవకాశం నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు రాలేదు. నలభై రెండేళ్ళప్పుడు రైల్లో దొరికింది, పుస్తకంలోనైనా సరే.

కాబట్టి శ్రోత గారికి నా జవాబు మార్చుకుంటున్నాను. “కథే కదా” కాదు. అమ్మాయి ఏ పుస్తకం చదువుతోందో చూడండి, అందులో ఆ పిల్ల తిరిగి ఒక మాట అనగలదా, అన్నాక ఏమవుతుంది, అది కనుక్కోండి. ఆటలోంచి లేచి వెళ్ళిపోవాలంటే ఆమె ఏం పోగొట్టుకోవాలి? అతను ఏం పోగొట్టుకోవాలి? ఈ పేరుతోనే వచ్చే కొన్ని నవలల్లో హీరో హీరోయిన్‌ని నిజంగానే బెదిరిస్తాడు, బంధిస్తాడు. లేబుల్ ఒకటే, సరుకు వేరు. ఇంకో సంగతి, ‘ది హేటింగ్ గేమ్’ పెద్దవాళ్ళ నవల, చివర్లో పడగ్గది సన్నివేశాలు దాపరికం లేకుండానే ఉన్నాయి. పదహారేళ్ళకి ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి.

కోపం ప్రేమగా మారే చోటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా నవలలు అక్కడే బోల్తా పడతాయి. ముద్దు పెట్టుకోగానే మారిపోతే అది మార్పు కాదు. ఈ నవలలో లిఫ్టులో ముద్దు తొందరగానే వస్తుంది, అది వాళ్ళ గొడవని ఇంకా పెంచుతుంది తప్ప తగ్గించదు. అసలు మలుపు జ్వరం. ఆఫీసు వాళ్ళందరూ పెయింట్‌బాల్ ఆడటానికి వెళ్తారు, అక్కడ లూసీకి ఒళ్ళు కాలిపోతుంది. జాషువా ఇంటికి తీసుకెళ్ళి రాత్రంతా కూర్చుంటాడు, డాక్టరైన అన్నయ్యని పిలిపిస్తాడు. జ్వరంలో ఉన్న మనిషి ఆట ఆడలేదు. లిప్‌స్టిక్ లేదు, ఎదురు మాట లేదు. ఆమె ఆడలేనప్పుడు అతను గెలవడానికి ప్రయత్నించడు. మంచి శత్రువు అని ఎవరైనా ఉంటే అతని లక్షణం అదేననుకుంటాను.

ఆ తర్వాత వంతు ఆమెది. జాషువా అన్నయ్య పెళ్ళికి తోడుగా వెళ్తుంది. పెళ్ళికూతురు ఒకప్పుడు జాషువాతో ఉన్నమ్మాయి, అదొక ఇబ్బంది. అంతకంటే పెద్ద ఇబ్బంది తండ్రి. తండ్రి డాక్టరు, పెద్దకొడుకు డాక్టరు, వీడు మాత్రం కాకుండా పోయాడు. నలుగురిలో తండ్రి ఆ చిన్నచూపు దాచుకోడు. ఈ భాగం అమ్మకి చెబుతుంటే అటు నుంచి కాసేపు మాట లేదు. “అక్కడ కూడానా!” అంది చివరికి. మా ఇంట్లో ఎంసెట్‌లో మెడిసిన్ సీటు రాని కొడుకొకడున్నాడు, మా తమ్ముడు. ఆస్ట్రేలియా ఆవిడ రాసిన అమెరికా ఆఫీసు ప్రేమకథలో ఒక్కసారిగా మా డైనింగ్ టేబుల్ ప్రత్యక్షమైంది. లూసీ ఆ పెద్దాయనకి అందరి ముందూ బుద్ధి చెబుతుంది. ఇన్నాళ్ళు జాషువా మీద పదును పెట్టుకున్న నాలుకే అతని తరఫున తిరుగుతుంది. అక్కడ నేను రైల్లో పెద్దగా “శెభాష్” అన్నాను, పక్కసీటాయన హెడ్‌ఫోన్స్ తీసి చూశాడు.

ఈ వరస ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ లో మొత్తం 61 అధ్యాయాలు. డార్సీ మొదటిసారి పెళ్ళి మాట ఎత్తేది 34లో. ఎలిజబెత్ మొహం మీదే కాదంటుంది. అంటే సగం పుస్తకం అయ్యాక హీరోకి గట్టి తిరస్కారం. తర్వాత అతను రాసిన ఉత్తరం చదువుతుంది, మళ్ళీ చదువుతుంది, అప్పటిదాకా జరిగినవన్నీ వేరే అర్థంతో కనిపిస్తాయి. అక్కడి నుంచి అతను తన గర్వం దించుకోవాలి, ఆమె తన తొందరపాటు ఒప్పుకోవాలి. ఇద్దరికీ చెరో సగం పని. ఆమె చెల్లెల్ని గట్టెక్కించినప్పుడు కూడా డార్సీ ఆ సంగతి ఆమెకి తెలియనివ్వడు, మార్కుల కోసం చేసిన పని కాదు కాబట్టి. రెండు వందల ఏళ్ళ తర్వాత శాలీ థోర్న్ పెట్టింది కూడా అదే లెక్క, ఉత్తరం బదులు ప్లానర్, గోడ రంగు.

మెచ్చుకుంటూ పోతే నిజం చెప్పినట్టు కాదు. ఈ నవలలో నాకు విసుగొచ్చినవి ఉన్నాయి. ఆమె ఎంత చిన్నదో, అతను ఎంత పెద్దవాడో ప్రతి నాలుగు పేజీలకీ గుర్తు చేయనక్కర్లేదు. జాషువా అసూయ కొన్నిచోట్ల హద్దు దాటుతుంది, లూసీ ఇంకొకరితో బయటికి వెళ్తానంటే అతను చేసే హడావిడి నేను జాషువా మీద అభిమానంతో క్షమించానంతే. ఆ ఆఫీసులో వీళ్ళిద్దరూ నిజంగా పని ఎప్పుడు చేస్తారన్నది నా కో-హోస్ట్ ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మ మాత్రం మూడో వారానికే తేల్చేసింది, “ఇది మన ‘సెక్రటరీ’ కథే కదే” అని. యద్దనపూడి సులోచనారాణి గారి జయంతి, రాజశేఖరం. 1960లలో పత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాత 1976లో వాణిశ్రీ, నాగేశ్వరరావులతో సినిమా అయింది. అందులో అతను యజమాని, ఆమె ఉద్యోగి, సమ ఉజ్జీ ఎక్కడుందని నేను వాదించాను. అమ్మ ఒప్పుకోలేదు. “డబ్బులో కాదు, అభిమానంలో. ఆ పిల్ల ఒక్కచోట తల వంచిందా? ఆ రోజుల్లో ఉద్యోగానికి వెళ్ళే ఆడపిల్లకి అదొక్కటే ఆయుధం” అంది. పెళ్ళికి ముందు రెండేళ్ళు అమ్మ టెలిఫోన్స్‌లో పనిచేసింది. ఆ రెండేళ్ళ గురించి ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు కొంచెం మాట్లాడింది. అది ఇక్కడ రాయడానికి కాదు.

యద్దనపూడి గారు 2018లో కాలిఫోర్నియాలో, కూతురి ఇంట్లో ఉండగా కన్నుమూశారు. మనలో ఎంతమంది అమ్మలు ఆరేసి నెలలు ఇక్కడికొచ్చి ఉంటారో, వాళ్ళ సూట్‌కేసుల్లో ఆవిడ నవలలు ఎన్ని ఉంటాయో! ఈసారి మీ అమ్మగారు వచ్చినప్పుడు మీరు చదువుతున్న పుస్తకం కథ చెప్పి చూడండి. మీ అమ్మాయి చదువుతున్న పుస్తకం కథ ఆమె చేత చెప్పించుకుంటే ఇంకా మంచిది. ఆమెకి తెలుగు తడబడితే తడబడనివ్వండి, కథ మీద ఆత్రం ఉంటే మాటలు దొరుకుతాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మాట్లాడుకుందామని అనుకున్నాం, కో-హోస్ట్ బతిమాలితే ఒప్పుకున్నారు. అమ్మకి మొదటి భాగం పోయిన ఆదివారమే చెప్పాను. ఎలిజబెత్, డార్సీ డాన్సు దగ్గర ఎడమొహం పెడమొహం అయ్యేదాకా వచ్చాను. అమ్మకి వాళ్ళిద్దరి మీదా ఏం ఆసక్తి కలగలేదు. నేను నవ్వుతూ మిసెస్ బెన్నెట్ హడావిడి చెబుతుంటే మధ్యలో ఆపి, “నవ్వుతావేంటే? అయిదుగురు ఆడపిల్లలు, ఇల్లేమో ఎవరో చుట్టానికి పోతుంది, మొగుడేమో పుస్తకాల గదిలో కూర్చుంటాడు. ఆవిడ కంగారు పడక ఎవరు పడతారు? ముందు ఆవిడ సంగతి చెప్పు” అంది.